అడగడానికి కారణం చెప్పక్కర్లేదు

ఇంగ్లండులో నా డ్యూటీ పొద్దున్న 7 గంటలకి మొదలవుతుంది. కేర్ హోంలో పెద్దవాళ్లని నిద్ర లేపి, స్నానం చేయించి, బట్టలు మార్చి, టిఫిను తినిపించే పని. ఆ వేళకి మా వైపు బస్సు ఉండదు, అరగంట నడవాలి. చలికాలం దగ్గరపడిందంటే ఆ వేళకి అక్కడ ఇంకా చీకటే. దారిలో రైలు కట్ట కింద ఒక సందు, దాన్ని ఆనుకుని ఆరు లైటు స్తంభాలు. నేను వెళ్లిన రెండో ఏడు సెప్టెంబరులో వాటిలో మూడు ఆరిపోయాయి, అక్టోబరులో నాలుగోది. నేను, నాతో పనిచేసే మలయాళీ అమ్మాయి, జింబాబ్వే ఆవిడ, ముగ్గురం ఫోన్లలో టార్చి వేసుకుని, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఆ సందు దాటేవాళ్లం. కౌన్సిల్‌కి మూడుసార్లు ఫోన్ చేశాం. నోట్ చేసుకున్నామన్నారు. చీకటి అలాగే ఉంది.

కౌన్సిల్ అంటే మన మున్సిపాలిటీ లాంటిదే. రోడ్లు, చెత్త, వీధి లైట్లు, వృద్ధుల సంరక్షణ, ఇలాంటివన్నీ చూసే స్థానిక ప్రభుత్వం. దాని దగ్గరున్న రికార్డులు ఎవరైనా అడగొచ్చని మా యూనియన్‌లో ఒకావిడ చెప్పింది. అక్కడ దాన్ని ఎఫ్ఓఐ అంటారు, ఫ్రీడమ్ ఆఫ్ ఇన్ఫర్మేషన్, అంటే సమాచార స్వేచ్ఛ. చట్టం 2000లో వచ్చింది, పూర్తిగా అమల్లోకి వచ్చింది 2005 జనవరి 1న. మన సమాచార హక్కు చట్టం కూడా అదే ఏడాది అక్టోబరు 12న పూర్తిగా అమల్లోకి వచ్చింది.

మొదట భయపడ్డాను. వీసా మీద ఉన్నదాన్ని. ప్రభుత్వాన్ని ప్రశ్నించానని పేరు పడితే ఉద్యోగానికి ఏమవుతుందోనని రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. మలయాళీ అమ్మాయయితే చేతులు పట్టుకుని మరీ వద్దంది. చట్టం చదివితే తెలిసింది, అడిగేవాళ్లు ఆ దేశ పౌరులై ఉండాలన్న షరతే లేదు. ఒడిశాలో, మా పర్లాకిమిడిలో కూర్చుని మా పిన్ని అడిగినా జవాబివ్వాల్సిందే. మన నిజమైన పేరు, జవాబు పంపడానికి ఒక చిరునామా ఉంటే చాలు, అది ఈమెయిల్ అయినా సరే. ఎందుకు అడుగుతున్నావని అడగరు. మామూలుగా అడగడానికి ఫీజు లేదు. 20 పని దినాల్లో జవాబు రావాలి.

ధైర్యం చేసి మొదటి ఉత్తరం రాశాను. "ఈ లైట్లు ఎందుకు బాగుచేయడం లేదు? తప్పెవరిది?" అని. జవాబు త్వరగానే వచ్చింది. మీ ప్రశ్నకు సమాధానంగా మా దగ్గర రికార్డేదీ లేదు అని. నాకు ఏడుపొచ్చింది. తర్వాత నిదానంగా ఆలోచిస్తే అర్థమైంది. నేను సంజాయిషీ అడిగాను. చట్టం ఇచ్చేది కాగితం. వాళ్ల ఫైల్లోనో కంప్యూటర్లోనో ముందే ఉన్నది ఇస్తారు, లేనిదాన్ని కొత్తగా రాసి ఇవ్వక్కర్లేదు. అంటే కాగితం ఎక్కడ పుట్టి ఉంటుందో ఊహించి, దాన్నే పేరు పెట్టి అడగాలి.

మర్నాడు పది నిమిషాలు ముందు బయలుదేరాను. టార్చి వెలుగులో చూస్తే ప్రతి స్తంభానికీ ఛాతీ ఎత్తున చిన్న పలక, దాని మీద నంబరు. రోజూ పక్కనుంచే వెళ్తూ ఎప్పుడూ చూడలేదు. 14 నుంచి 19 దాకా ఫోటోలు తీసుకున్నాను. రెండో ఉత్తరం ఇలా రాశాను:

"ఫలానా వీధిలో 14 నుంచి 19 వరకు నంబర్లున్న లైటు స్తంభాల గురించి, సెప్టెంబరు 1 నుంచి ఈ రోజు వరకు, కింది సమాచారం ఇవ్వండి. ఒక్కో స్తంభం మీద ఫిర్యాదు అందిన తేదీలు. ఆ పని కాంట్రాక్టరుకి అప్పగించిన తేదీ. పని పూర్తయిందని నమోదు చేసిన తేదీ. నమోదులో రాసిన వివరం."

19వ పని దినాన ఒక ఎక్సెల్ షీటు వచ్చింది. ఆరంటే ఆరు వరుసలు. 14వ నంబరు ఎదురుగా "పని ముగిసింది, అక్టోబరు 9" అని ఉంది. అక్టోబరు 9న నాకు డ్యూటీ ఉంది, ఆ చీకట్లోనే నడిచాను. పక్క గడిలో అసలు సంగతి ఉంది. బల్బు బాగానే ఉంది, కింద కేబులులో లోపం, విద్యుత్ నెట్‌వర్క్ సంస్థకి పంపాం అని. అక్కడ స్తంభం కౌన్సిల్‌ది అయినా దానికి కరెంటు తెచ్చే కేబులు చాలాచోట్ల వేరే సంస్థది. కాంట్రాక్టరు తన వంతు అయిందని పని మూసేశాడు. అవతలి సంస్థ వచ్చిందా లేదా అని చూసే గడి ఆ షీటులో లేనే లేదు. మూడు ఫోన్లలో ఎవరూ చెప్పని మాట ఒక్క గడిలో దొరికింది. షీటు కాపీ మా వార్డు కౌన్సిలరుకి పంపాను. క్రిస్మస్‌కి ముందే ఆరు లైట్లూ వెలిగాయి. మలయాళీ అమ్మాయి వాటి కింద నిలబడి వాళ్లమ్మకి వీడియో కాల్ చేసింది.

ఆ ఉత్సాహంలో ఒక తప్పు చేశాను. ఊరు మొత్తం లైట్ల లెక్క, అయిదేళ్లది, ఒకేసారి అడిగాను. కుదరదన్నారు. కౌన్సిళ్లకి ఖర్చు పరిమితి 450 పౌండ్లు, గంటకి 25 చొప్పున 18 గంటల పని. అంతకు మించితే నిరాకరించొచ్చు. అయితే ఊరికే కాదని వదిలేయలేదు. ఎలా తగ్గించి అడిగితే ఇవ్వగలమో కూడా రాశారు. అడిగేవాళ్లకి సాయం చేయడం కూడా అక్కడ చట్టం పెట్టిన బాధ్యతే. జవాబు నచ్చకపోతే ముందు ఆ కౌన్సిల్‌నే పునఃపరిశీలించమని కోరాలి, ఆ పైన సమాచార కమిషనరు ఆఫీసుకి వెళ్లొచ్చు. నాకు అంత దూరం వెళ్లే పని పడలేదు.

ఇంతకీ ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం మొన్న సెలవులో మా ఊళ్లో జరిగింది.

మాది పర్లాకిమిడి దగ్గర పల్లె. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు మా వైపు అటు వెళ్లింది, కాస్త దూరంలో ఉన్న పాతపట్నం ఇటు మిగిలింది. నాకు తెలుగు అక్షరాలు నాన్న నేర్పాడు. పక్కింటి మామ్మకి ఏ అక్షరాలూ రావు. ఆవిడ ఒడిశా ప్రభుత్వం వృద్ధులకిచ్చే మధుబాబు పెన్షనుకి దరఖాస్తు పెట్టి ఏడాదిన్నర దాటింది. నెలనెలా పంచాయతీ ఆఫీసు దగ్గరికి వెళ్లి నిలబడుతుంది. "ఏటడిగినా హెబ, హెబ అంతారు తల్లీ. ఎప్పుడవుద్దో చెప్పరు," అంది. హెబ అంటే ఒడియాలో అవుతుందని.

నాకు వెంటనే ఆ లైటు స్తంభం పలక గుర్తొచ్చింది. మామ్మ దరఖాస్తుకి ఇచ్చిన రసీదు ఉందా అని అడిగాను. దేవుడి పటం వెనక నుంచి మడతలు పడ్డ చీటీ తీసింది. దాని మీద నంబరు, తేదీ ఉన్నాయి. మనకి కావాల్సింది అదే.

మన చట్టం ప్రకారం కూడా కారణం చెప్పక్కర్లేదు, 6వ సెక్షనులో ఆ మాట స్పష్టంగా ఉంది. 30 రోజుల్లో జవాబివ్వాలి. కాకపోతే మన దగ్గర అడిగేవాళ్లు పౌరులై ఉండాలి. ఒడిశాలో అయితే ఫారం-ఎ నింపాలి, గుర్తింపు కార్డు నకలు జతచేయాలి, 10 రూపాయల ఫీజు కట్టాలి, కోర్టు ఫీజు స్టాంపు అతికించినా సరే. ఆ గుర్తింపు కార్డు షరతు నాకు నచ్చలేదు. నేను పౌరురాలిని కాని దేశంలో నన్నెవరూ కార్డు అడగలేదు. పుట్టి పెరిగిన ఊళ్లో మామ్మ మాత్రం తను ఎవరో రుజువు చూపించాలి.

భాష ఇంకో అడ్డంకి. దరఖాస్తు ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ ఆ ప్రాంత అధికార భాషలో గానీ ఉండాలి. మా దగ్గర అది ఒడియా. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పింది పర్లాకిమిడిలోనే. అలాంటి చోట మామ్మ తన మాటల్లో తన పెన్షను గురించి రాసుకోలేదు. అయితే రాయలేనివాళ్లు నోటితో చెబితే, దాన్ని కాగితం మీద పెట్టడానికి సమాచార అధికారే సాయం చేయాలని చట్టంలో ఉంది. ఈ సంగతి మా వైపు చాలామందికి తెలియదు, అందుకే గట్టిగా చెబుతున్నాను.

నాకు ఒడియా వచ్చు కాబట్టి నేనే రాశాను. "ఫలానా నంబరు దరఖాస్తు మీద ఏ తేదీన ఏ చర్య తీసుకున్నారు, ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది, వారి హోదా ఏమిటి, దాని మీద రాసిన నోట్ల నకలు ఇవ్వండి." పెన్షను ఎప్పుడిస్తారని అడగలేదు. పిన్ని చదివించుకుని, "అసలు మాట వదిలేశావేటే?" అంది. అసలు మాట అడిగితే మళ్లీ హెబ అనే వస్తుంది పిన్నీ అన్నాను. మామ్మ వేలిముద్ర వేసి, ఆ వేలు చీర కొంగుకి తుడుచుకుని, కాగితం వైపు చాలాసేపు చూసింది.

పంచాయతీలో తీసుకున్నారు, రసీదిచ్చారు. ఫైలు బ్లాకు ఆఫీసులో ఉందని అయిదు రోజుల్లోపే అక్కడికి బదిలీ చేసి, ఆ సంగతి ఉత్తరంలో తెలిపారు. తప్పు ఆఫీసుకి వెళ్లిన దరఖాస్తుని వాళ్లే సరైన చోటికి పంపాలి, మళ్లీ మనం తిరగక్కర్లేదు. ఈలోగా నా సెలవు అయిపోయింది. జవాబు రాకపోతే మొదటి అప్పీలు ఎలా వేయాలో, దానికి 20 రూపాయల స్టాంపు కావాలని, పిన్నికి రాసిచ్చి వచ్చాను.

అప్పీలు అవసరం పడలేదు. పోయిన వారం పిన్ని వాట్సాప్‌లో రెండు ఫోటోలు పంపింది. డ్యూటీ దిగి, కేర్ హోం గేటు దగ్గర బల్ల మీద కూర్చుని చదివాను. దరఖాస్తు అందిన రెండో నెలలోనే పక్కన పెట్టారు. ఆధార్‌లో పేరు చివర 'అమ్మ' ఉంది, ఓటరు కార్డులో లేదు. తెలుగు పేరు ఒడియాలో రాసినప్పుడు ఎవరి చెవికి ఎలా వినబడితే అలా రాశారు. "పేరు సరిచేసి తెమ్మని దరఖాస్తుదారుకి తెలపాలి" అని నోటు. తెలిపినట్టు ఎక్కడా లేదు.

ఫోన్ చేసి మామ్మకి తెలుగులో చదివి వినిపించాను. తేదీ రెండుసార్లు చెప్పించుకుంది.

"పేరు కాడ ఆగిందా? మరి ఆ మాట నాతో ఒక్కరూ అనలేదేటి తల్లీ?"

రెండు పేర్లూ ఒకరివేనని నోటరీ దగ్గర అఫిడవిట్ రాయించాలి. సోమవారం మొదటి బస్సుకి పిన్ని మామ్మని పర్లాకిమిడి తీసుకెళ్తోంది. కార్డులు రెండూ, ఆ ఉత్తరం, పాత రసీదు అన్నీ ఒకే కవర్లో పెట్టమని చెప్పాను.