కంప్రెసర్ పోయిందని ఒప్పుకునే ముందు: నా అనుభవం

మా ఏసీ లోపలి యూనిట్ నుంచి గాలి బాగానే వస్తున్నా గది చల్లబడకపోవడంతో మెకానిక్‌ను పిలిపించాను. ఆయన బయటి యూనిట్‌కు మీటరు పెట్టి చూసి, కంప్రెసర్ కాలిపోయిందని, మార్చక తప్పదని చెప్పారు. ఏసీలో అన్నిటికన్నా ఖరీదైన భాగం అదే కనుక, మార్చడానికి ఒప్పుకునే ముందు దాని పనితీరును అర్థం చేసుకోవాలనుకున్నాను.

గదిలోని వేడిని పీల్చుకుని ఆవిరైన గ్యాస్‌ను కంప్రెసర్ లాక్కుని, అధిక పీడనానికి నొక్కి, బయటి కాయిల్‌లోకి పంపుతుంది. అలా నొక్కినందువల్ల గ్యాస్ బయటి గాలికన్నా వేడెక్కుతుంది కాబట్టే, మండుటెండలోనూ తన వేడిని బయటికి వదలగలుగుతుంది. మా యూనిట్‌లో ఫ్యాన్ తిరుగుతోంది. కంప్రెసర్ మాత్రం కొన్ని క్షణాలు మూలిగి, టక్కుమని ఆగిపోయి, చాలాసేపటికి మళ్లీ అలాగే మూలుగుతోంది. మోటారు కదలలేక ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతోందని, లోపలి ఓవర్‌లోడ్ (వేడి మితిమీరితే తెరుచుకునే రక్షణ స్విచ్) దాన్ని కాపాడేందుకు సరఫరాను తెంచుతోందని దాని అర్థం. మోటారు కదలడానికి తోపునిచ్చే కెపాసిటర్ బలహీనపడినా, వోల్టేజి తగ్గినా, లోపలి భాగాలు బిగుసుకుపోయినా ఇలాగే జరుగుతుంది.

అందుకే అనుభవజ్ఞుడైన మరో మెకానిక్‌ను రప్పించాను. కంప్రెసర్‌ను వెల్డింగ్‌తో మూసేస్తారు కనుక విప్పి చూడటం కుదరదు. వైర్లు తగిలించేందుకు బయటికి కనిపించే కామన్, స్టార్ట్, రన్ అనే మూడు టెర్మినళ్ల దగ్గరే దాని నాడి చూడాలి. ఆయన కరెంటు పూర్తిగా ఆపించి, కెపాసిటర్‌లో మిగిలిన ఛార్జిని తీసేసి, కంప్రెసర్ బాగా చల్లారేదాకా ఆగారు. నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది ఆ ఆగడమే. వేడి మీద ఓవర్‌లోడ్ తెరుచుకుని ఉన్నప్పుడు కామన్ నుంచి మిగతా రెండు టెర్మినళ్లకూ మీటరు ఏమీ చూపదు. స్టార్ట్, రన్ టెర్మినళ్ల మధ్య మాత్రం రీడింగ్ వస్తుంది. ఆ స్థితిని చూసి వైండింగ్ (మోటారులోని తీగచుట్ట) తెగిందనుకుంటే మంచి కంప్రెసర్‌ను పారేసినట్టే.

చల్లారాక కామన్-రన్ మధ్య 1.5 ఓములు, కామన్-స్టార్ట్ మధ్య 3 ఓములు, స్టార్ట్-రన్ మధ్య 4.5 ఓములు వచ్చాయి. మొదటి రెండింటి మొత్తం మూడోదానికి సరిపోయింది కనుక వైండింగ్‌లు తెగలేదని తేలింది. ఏ టెర్మినల్ నుంచీ బాడీకి కరెంటు దారి లేదని కూడా చూశారు. (ఇన్వర్టర్ ఏసీలలో మూడు రీడింగులూ దాదాపు సమానంగా ఉండాలి, వాటిలో కంప్రెసర్‌ను నడిపేది కెపాసిటర్ కాదు, బోర్డు.) ఇక మిగిలింది కెపాసిటర్. దాని మీద 36 మైక్రోఫారడ్లని ఉంటే, మీటరు 14 చూపింది.

కొత్త కెపాసిటర్ వేయగానే కంప్రెసర్ మూలగకుండా అందుకుంది. క్లాంప్ మీటరులో కరెంటు నేమ్‌ప్లేట్ మీద రాసినదానికన్నా తక్కువే ఉంది. కాసేపటికి లావు పైపు చల్లబడి చెమర్చింది. టెర్మినల్ నుంచి బాడీకి కరెంటు దారి దొరికి ఉంటే, లేదా మోటారు తిరుగుతున్నా గ్యాస్ రెండు వైపులా పీడనంలో తేడా రాకపోయి ఉంటే, కంప్రెసర్ మార్చడానికి నేనే ఒప్పుకునేవాణ్ణి.