కంట్లో సూది కన్నా బెటాడిన్ మంటే ఎక్కువ

షుగర్ వల్ల రెటీనా (కంటి వెనక తెర) మధ్యలో వాపొచ్చి, పేపర్లో అక్షరాలు వంకర్లు పోయేవి. విజయవాడ సూర్యారావుపేటలో ఓసీటీ (రెటీనా పొరల స్కాన్) తీయిస్తే నెలనెలా కంట్లో ఇంజెక్షన్ చేయాలన్నారు. వింటేనే ఒళ్ళు జలదరిస్తుంది గానీ, సూది పని రెండు మూడు సెకన్లే. అసలు సంగతి మత్తు చుక్కల్లో ఉంది.

వేసేది ప్రొపరకైన్ 0.5 శాతం. అర నిమిషంలో కన్ను మొద్దుబారుతుంది, పావుగంట దాకా ఉంటుంది. కొన్ని నిమిషాల ఎడంతో రెండు మూడుసార్లు వేస్తే మేలు. కొందరు డాక్టర్లు లిగ్నోకైన్ అనే మత్తుమందులో ముంచిన దూదిపుల్లని సూది దిగే చోటే కాసేపు అదిమి ఉంచుతారు. నాకైతే అన్నిటికన్నా అదే పనిచేసింది. మత్తు జెల్ పూసేవాళ్ళూ ఉన్నారు. అయితే క్రిముల్ని చంపే బెటాడిన్ కన్నా ముందే జెల్ పూస్తే దాని కింద క్రిములు చావకుండా మిగిలిపోవచ్చు.

ఈ బెటాడిన్ రెప్పల మీద 10 శాతం, కంట్లో చుక్కలుగా 5 శాతం వాడతారు. కనీసం అర నిమిషం ఉండనివ్వాలి. మండుతోందని తొందరపెట్టకండి, ఇన్‌ఫెక్షన్‌ని ఆపేది అదే. పనయ్యాక మాత్రం సెలైన్‌తో బాగా కడగమని అడగండి. లేకపోతే మత్తు దిగాక సాయంత్రమంతా ఇసుక పడ్డట్టు గరగరే.

తర్వాత రెప్పలు మూసుకోకుండా క్లిప్పు. ‘పైకే చూడండి బాబాయ్ గారూ, కదలకండి’ అంటుంది సిస్టర్. సన్నటి 30 గేజ్ సూది, నల్లగుడ్డు అంచుకి 4 మిల్లీమీటర్ల అవతల తెల్లగుడ్డులో దిగుతుంది. శుక్లం ఆపరేషన్ అయినవాళ్ళకి 3.5. మందు 0.05 మిల్లీలీటర్లే. తెలిసేది నొప్పికన్నా ఒత్తిడి, ఎందుకంటే చుక్కల మత్తు లోపలి పొరలకి అంతగా అందదు. రెప్పలు బిగిస్తే ఆ ఒత్తిడి ఇంకా పెరుగుతుంది.

ఆ తర్వాత చూపులో కిందుగా గుండ్రటి నల్ల చుక్కలు ఆడితే అవి గాలిబుడగలు. కంట్లో పైకి తేలినా, రెటీనా మీద బొమ్మ తలకిందులుగా పడుతుంది కాబట్టి మనకి కిందే కనిపిస్తాయి. ఒకట్రెండు రోజుల్లో పోతాయి.

మొద్దుబారిన కన్ను నలిపితే నల్లగుడ్డు పైపొర లేచిపోయినా తెలియదు. ఏలూరు రోడ్డు దుమ్ములో ఆటో ఎక్కేముందు కళ్ళజోడు పెట్టుకోవాలి. మత్తు చుక్కలు ఇంటికిమ్మని అడగొద్దు, పదేపదే వేస్తే ఆ పైపొర మానదు.

నాకిప్పుడు వాపు దిగింది, అక్షరాలు తిన్నగా నిలబడుతున్నాయి. తెల్లగుడ్డు మీద ఎర్రమచ్చ పడితే రెండు వారాల్లో అదే పోతుంది. నొప్పి పెరుగుతూ, చూపు మసకబారుతూ ఉంటే మాత్రం ఆదివారమైనా సరే, ఆ రోజే డాక్టరుకి చూపించాలి.