కిటికీ, గది రెండూ ఒకే ఫొటోలో

మా ఇంట్లో పుస్తకాల గదిని ఫొటో తీయాలని చాలాసార్లు ప్రయత్నించి విసిగిపోయాను. గదికి తగ్గట్టు ఎక్స్‌పోజర్ (కెమెరాలోకి రానిచ్చే వెలుగు) పెడితే కిటికీ మొత్తం తెల్లగా మాడిపోయేది. కిటికీ అవతలి చెట్టుకు తగ్గట్టు పెడితే పుస్తకాల బీరువా చీకట్లో కలిసిపోయేది. నా కంటికి రెండూ కనిపిస్తున్నాయి, ఇంత ఖరీదైన కెమెరాకి ఏం రోగం అనుకునేవాణ్ణి.

రోగమేమీ లేదట. మన కన్ను ఒక్కో చోటికి తిరిగినప్పుడల్లా ఆ వెలుగుకు సర్దుకుంటుంది. కెమెరాలో వెలుగును పట్టే సెన్సర్‌కు ఆ సౌకర్యం లేదు, ఒకే దెబ్బలో అంతా పట్టుకోవాలి. అందుకే వేర్వేరు ఎక్స్‌పోజర్లలో కొన్ని ఫొటోలు తీసి కలిపే హెచ్‌డీఆర్ (హై డైనమిక్ రేంజ్) పద్ధతి వచ్చింది. ఇది కంప్యూటర్ల కాలంలో పుట్టిన ఆలోచన కూడా కాదు. 1850లలోనే గుస్తావ్ ల గ్రే అనే ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ సముద్రానికో నెగెటివ్, ఆకాశానికో నెగెటివ్ తీసి రెండింటినీ కలిపి ఒకే ప్రింటు వేశాడు. ఆయన చేయగా లేనిది నేను చేయలేనా అని ధైర్యంగా దిగాను.

మొదటిసారి కెమెరాను చేత్తోనే పట్టుకుని, కెమెరానే వరసగా ఎక్స్‌పోజర్ మార్చుకుంటూ తీసే ఆటో బ్రాకెటింగ్‌లో మైనస్ 2, సున్నా, ప్లస్ 2 పెట్టి, అంటే ఒకటి చీకటిగా, ఒకటి మామూలుగా, ఒకటి వెలుగుగా మూడు జేపెగ్‌లు తీశాను. వాటిని లూమినెన్స్ హెచ్‌డీఆర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కలిపాను. తెరిచి చూస్తే మసకగా, జీవం లేని బొమ్మ వచ్చింది. ఫైల్ పాడైందేమోనని రెండుసార్లు మళ్ళీ కలిపాను కూడా. తప్పు ఫైల్‌ది కాదు. కలిపాక వచ్చేది 32 బిట్ ఫైల్, దానిలోని వెలుగంతా మామూలు మానిటర్ చూపించలేదు. జేపెగ్‌లో ఒక్కో రంగుకు ఉండేవి 256 మెట్లే. అంత వెలుగును ఆ కాసిని మెట్లలోకి కుదించడాన్నే టోన్ మ్యాపింగ్ అంటారు.

నేను బోల్తా పడింది అక్కడే. ఆ సాఫ్ట్‌వేర్‌లో ఫట్టాల్, మాంటియుక్, రైన్‌హార్డ్, డ్రాగో అంటూ ఆయా పద్ధతులను కనిపెట్టిన పరిశోధకుల పేర్లతో వరసగా ఆప్షన్లుంటాయి. నాకు ఫట్టాల్ తెగ నచ్చేసింది, ఎందుకంటే ప్రతి గీతా పొడుచుకొచ్చినట్టు కనిపిస్తుంది. స్లైడర్లన్నీ చివరిదాకా లాగాను. బీరువా చెక్కలో నరాలు తేలాయి, గోడ మీద నాయిస్ ఇసక చల్లినట్టు వచ్చింది. అయినా మురిసిపోతూ చెల్లికి చూపించాను.

"అన్నయ్యా, కిటికీ చుట్టూ ఆ వెలుగేంటి? దేవుడి తల వెనక చక్రంలా ఉంది" అంది. దాన్నే హేలో అంటారని తర్వాత తెలిసింది. చెట్టుకేసి చూపించి "కొమ్మలన్నీ రెండేసి ఉన్నాయేం?" అని ఇంకోటి కూడా అంటించింది.

వారం పాటు ఆ జోలికి పోలేదు. తర్వాత కూర్చుని చూస్తే సగం తప్పులు సాఫ్ట్‌వేర్‌లోవి కాదు, తీసేటప్పుడు చేసినవే. ఈసారి ట్రైపాడ్ వేశాను. లెన్స్‌లో చేతి వణుకును సర్దే స్టెబిలైజేషన్ ఆపేశాను. లెన్స్ రంధ్రం ఎఫ్/8, వెలుగు గ్రహణశక్తి ఐఎస్ఓ 100, వైట్ బ్యాలెన్స్, ఫోకస్ అన్నీ మాన్యువల్‌లో కట్టిపడేసి, షట్టర్ వేగం ఒక్కటే మార్చాను. 1/250 సెకను, 1/60, 1/15, 1/4, 1 సెకను. అన్నీ రా ఫైళ్ళే, అంటే సెన్సర్ పట్టిన వెలుగును జేపెగ్‌లా కుదించకుండా దాచేవి. ఐదే ఎందుకంటే, 1/250 దగ్గర కిటికీలో ఎక్కడా వెలుగు మాడలేదని హిస్టోగ్రామ్ (ఫొటోలో చీకటి, వెలుగు ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫ్) చెప్పింది, 1 సెకను దగ్గర బీరువా అడుగు అర కూడా దానిలో చీకటిని చూపే ఎడమ అంచును వదిలి జరిగింది. ఇక ఆ రెండు కొసల మధ్య రెండేసి స్టాపులు, అంటే నాలుగింతల చొప్పున వెలుగు పెంచుకుంటూ పోవడమే. గాలి ఆగేదాకా కాచుక్కూర్చోవడం మాత్రం పెద్ద తలనొప్పి. ఆకు కదిలితే అది రెండుగా కనిపించే ఘోస్టింగ్ తప్పదు.

ఈసారి టోన్ మ్యాపింగ్‌తో పాటు ఎన్‌ఫ్యూజ్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ కూడా వాడి చూశాను. అది 32 బిట్ ఫైల్ జోలికే పోదు. మెర్టెన్స్, కౌట్జ్, వాన్ రీత్ అనే ముగ్గురు 2007లో ప్రతిపాదించిన ఎక్స్‌పోజర్ ఫ్యూజన్ పద్ధతిలో పనిచేస్తుంది. ఏ ఫొటోలో ఏ భాగం బాగా పడిందో చూసి, దానికి ఎక్కువ వాటా ఇచ్చి నేరుగా కలిపేస్తుంది. రైన్‌హార్డ్‌తో వచ్చిందీ, దీనితో వచ్చిందీ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాను. రైన్‌హార్డ్‌లో కిటికీ బాగుంది కానీ గది కాస్త వెలిసిపోయింది. ఎన్‌ఫ్యూజ్‌ది నేను ఆ గదిలో కూర్చుని చూసినట్టే ఉంది. నా ఓటు దానికే.

ఒక్కటే వెలితి. బీరువా కింద నీడ లేదు! చీకటి పోగొట్టాలని ఇంత తంటాలు పడ్డవాణ్ణి, చివరికి గింప్ అనే ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, వెలుగునీడలు సర్దే కర్వ్స్‌తో ఆ మూలను మళ్ళీ చీకటి చేశాను. అప్పుడు గానీ బీరువా నేల మీద నిలబడలేదు.

చెట్టులో ఒక కొమ్మ చివర ఇప్పటికీ రెండుగానే ఉంది. చెల్లి ఇంకా పట్టుకోలేదు కాబట్టి వదిలేశాను.