గయలో రెండో రోజు

నాన్నగారి పిండప్రదానం ముగిసిన మరునాడు అమ్మను సత్రంలో ఉంచి, ఒక మిత్రుడి వెంట షేర్ ఆటోలో బీహారులోని ఈ గయ పరిసరాల్లో ముసహరులనే నిరుపేద దళితులు ఉండే ఒక టోలాకు, అంటే వాడకు, వెళ్ళాను. గయ అనగానే మనవారికి పితృకార్యమే గుర్తుకు వస్తుంది. నాకు మాత్రం 2015 జనవరి కూడా గుర్తుకు వస్తుంది. ఆ నెలలో హైదరాబాదు పాతబస్తీ గాజుల ఖార్ఖానాల నుంచి పోలీసులు రెండు వందల మందికి పైగా పిల్లలను విడిపించారు. వారిలో అత్యధికులు బీహారు పిల్లలే. మా ఊరి లక్క గాజులకు రాళ్ళు అద్దిన ఆ చేతులు ఎలాంటి ఇళ్ళ నుంచి వచ్చాయో చూడాలని అప్పటి నుంచీ నా మనసులో ఉంది.

మేము కలిసిన తల్లికి భర్త లేడు. విప్పసారా అమ్మి ఇల్లు నడుపుకొనేది. 2016 ఏప్రిల్‌లో మద్యనిషేధం వచ్చాక ఆ ఆదాయం పోయింది. దళారి రెండు వేలు చేతిలో పెట్టి పదకొండేళ్ళ కొడుకును జైపూరు గాజుల పనికి తీసుకుపోయాడు. అధికారులు పిల్లవాణ్ణి విడిపించి తెచ్చారు కాని, ఇంట్లో గింజలు నిండుకోగానే దళారి మళ్ళీ గుమ్మంలో నిలిచాడట. పిల్లవాణ్ణి ఇల్లు చేర్చడంతో పని పూర్తయినట్లు మనం అనుకుంటాము. ఆ గుమ్మం ముందు కూర్చున్నాక నేనలా అనుకోలేకపోయాను.

ఈసారి ఆమె పంపలేదు. సారా, కల్లు అమ్మి బతికిన నిరుపేద కుటుంబాల కోసం బీహారు ప్రభుత్వం 2018లో 'సతత్ జీవికోపార్జన్ యోజన' ప్రారంభించింది. గ్రామ మహిళా సంఘం ఆమెను ఎంపిక చేసి, డబ్బు చేతికివ్వకుండా సరుకులే కొని బడ్డీకొట్టు పెట్టించింది. దానితో పాటు ఏడు నెలలు నెలకు వెయ్యి రూపాయలు ఇచ్చింది. నా దృష్టిలో అసలు కీలకం ఆ వెయ్యే. అది లేకపోతే కొట్టులోని బియ్యం, పప్పు పిల్లల ఆకలికే అయిపోయేవి. ఇక్కడి సంఘాల తొలినాళ్ళలో మన ఆంధ్ర పొదుపు సంఘాల మహిళలు బీహారుకు వచ్చి, ఊరూరా తిరిగి శిక్షణ ఇచ్చారు. భాష రాని ఊళ్ళలో వారు చేసిన ఆ పనిని తలచుకుంటే నాకు గర్వంగా అనిపించింది.

కొడుకు బడికి వెళ్ళాడు. కొట్టులో మాత్రం తొమ్మిదేళ్ళ కూతురు మరమరాలు తూస్తోంది. బడి వేళ కదా అని అడిగాను. సరుకు కోసం తాను బజారుకు వెళ్ళే రోజుల్లో పిల్ల ఉండక తప్పదని ఆ తల్లి తల వంచుకొని చెప్పింది. కొంతసేపు ఆలోచించి, వారానికి సరిపడా సరుకు ఆదివారమే తెచ్చుకోవడానికి చేతిలో డబ్బు చాలుతుందా అని కూతురినే అడిగింది. ఆ పిల్ల తక్కెడ పక్కన పెట్టి లెక్కల పుస్తకం తెరిచింది.