పాత కార్ల వైరింగులో వోల్టు ఎక్కడ పోతోంది?

పాత కారు హెడ్‌లైట్లు మసకగా వెలుగుతున్నాయంటే మన బెజవాడ ఆటోనగర్‌లో మొదట బల్బు మారుస్తారు, తరువాత బ్యాటరీ, చివరికి వైరింగు సెట్టు మొత్తం. అయితే నేను చూసినంతవరకు, మన అంబాసిడర్లలో అయినా, అమెరికాలో 1960ల చివర్లో వచ్చిన మజిల్ కార్లలో (పెద్ద ఇంజనున్న వేగపు కార్లలో) అయినా, తీగ నడుమ చెడిపోవడం అరుదు. రోగమంతా తీగ చివర్లలోనే, అంటే లగ్గు (తీగ చివర తొడిగే లోహపు ముక్క) నొక్కిన చోట, స్విచ్చు లోపలి రాగి బిళ్లల దగ్గర, ఎర్త్ (కరెంటు కారు రేకు గుండా బ్యాటరీ మైనస్‌కు తిరిగి వెళ్లే దారి) బిగించిన బోల్టు కింద ఉంటుంది. అందుచేత కత్తెర పట్టుకునే ముందు మీటరు పట్టుకోవాలని నా గట్టి అభిప్రాయం.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు మా బాబాయి గారి అంబాసిడర్ సీట్ల ఎత్తు వరకు నీటిలో నిలిచిపోయింది. ఇంజను, బ్రేకులు బాగుచేయించిన తరువాత కొన్ని నెలలు బాగానే తిరిగింది కానీ, క్రమంగా లైట్లు నీరసించాయి. ఎలక్ట్రీషియన్ టెస్ట్ ల్యాంపు పెట్టి చూసి, "లైను వస్తోంది సార్, బల్బులే మార్చాలి" అన్నాడు. అతను చూసింది నిజమే, కానీ ఆ పరీక్ష చాలదు. టెస్ట్ ల్యాంపులోని చిన్న బల్బు తీసుకునే కరెంటు అర ఆంపియరుకు మించదు. 55 వాట్ల హాలోజన్ బల్బులు రెండూ డిప్పులో వెలిగితే సుమారు 9 ఆంపియర్లు కావాలి. పోగులన్నీ తెగి ఒక్క పోగే మిగిలిన తీగ కూడా టెస్ట్ ల్యాంపును వెలిగిస్తుంది, మీటరులో తీగ తెగలేదని చెప్పే కంటిన్యుటీ బీప్ కూడా ఇస్తుంది, హెడ్‌లైట్ల బరువు మీద పడగానే మాత్రం చేతులెత్తేస్తుంది.

కాబట్టి లైట్లు వేసి ఉంచి, కరెంటు పారుతుండగానే కొలవాలి. మల్టీమీటరును 20 వోల్టుల డీసీ స్కేలులో పెట్టి, ఒక మొనను బ్యాటరీ ప్లస్‌కు, రెండవ మొనను బల్బు హోల్డరులోని ప్లస్‌కు ఆనిస్తే, దారిలో పోతున్న వోల్టులు నేరుగా కనిపిస్తాయి. అదే విధంగా బ్యాటరీ మైనస్‌కూ బల్బు ఎర్త్‌కూ మధ్య చూడాలి. ఎర్త్ వైపు 0.2 వోల్టు దాటకూడదు. స్విచ్చులన్నీ కలిసిన ప్లస్ వైపు అర వోల్టు వరకు సరిపెట్టుకోవచ్చు. బాబాయి గారి కారులో ఎర్త్ వైపే 1.3 వోల్టులు పోతున్నాయి. వోల్టేజి పది శాతం తగ్గితే బల్బు వెలుగు దాదాపు ముప్పై శాతం తగ్గుతుంది కనుక రాత్రిపూట రోడ్డు కనిపించకపోవడంలో ఆశ్చర్యం లేదు. హెడ్‌లైటు గిన్నె వెనుక ఎర్త్ స్క్రూ విప్పి, కింది రంగును, తుప్పును మెరిసే రేకు కనిపించేవరకు గీకి, పంటి వాషరు వేసి, కొత్త లగ్గుతో బిగించి, పైన పెట్రోలియం జెల్లీ పూసిన తరువాత ఆ నష్టం 0.1 వోల్టుకు దిగింది. బల్బులు పాతవే ఉంచాము.

వరదలో మునిగిన కారు విషయంలో మరొక్క జాగ్రత్త అవసరం. పోగుల తీగలోకి నీరు చివరి నుంచి ప్రవేశించి, పోగుల మధ్య సందుల గుండా తొడుగు లోపల చాలా దూరం పాకుతుంది. పైకి ప్లాస్టిక్ కొత్తదానిలా ఉన్నా లోపల రాగి నల్లబడి, చివర్లలో పచ్చని చిలుము పడుతుంది. అటువంటి రాగికి టంకం అంటదు. మెరిసే రాగి వచ్చేవరకు తీగను వెనక్కు కోస్తూ పోవాలి, రాకపోతే ఆ ఒక్క తీగనే మార్చాలి. మెలిపెట్టి టేపు చుట్టే అలవాటును మాత్రం నేను ఒప్పుకోలేను. మన ఎండలకు టేపు జిగురు కరిగి, ఒక్క వేసవి గడిచేసరికి అతుకు బయటపడుతుంది.

మార్చేటప్పుడు రంగు తప్పక పాటించాలి. అంబాసిడర్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సంతతి కాబట్టి దాని వైరింగు లూకాస్ అనే బ్రిటిష్ విద్యుత్ పరికరాల కంపెనీ పద్ధతిని అనుసరిస్తుంది. గోధుమ రంగు తీగలో కరెంటు ఎప్పుడూ ఉంటుంది, తాళం తిప్పితే తెలుపులోకి వస్తుంది, ఫ్యూజు దాటితే ఆకుపచ్చ అవుతుంది. హెడ్‌లైట్లది నీలం, పార్కింగ్, టెయిల్ లైట్లది ఎరుపు, ఎర్త్ నలుపు. ఈ ఆరు రంగులు తెలిస్తే సగం కారు చదవవచ్చు. చేతికి దొరికిన ఎర్రతీగతో అన్నీ కలిపేసిన కారును చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది, ఎందుకంటే తరువాత పనిచేసేవాడికి అందులో చదవడానికి ఏమీ మిగలదు. ఫ్యూజు విషయం కూడా చెప్పాలి. పాత లూకాస్ గాజు ఫ్యూజు మీద రాసిన 35 అనే అంకె అది కాలిపోయే కరెంటు; నిరంతరం మోయగలిగేది 17 ఆంపియర్లే. మోయగలిగే కరెంటునే 35గా ముద్రించిన వేరే రకం ఫ్యూజును దాని స్థానంలో పెడితే ఫ్యూజు కన్నా ముందు తీగ కాలుతుంది.

అమెరికాలో ఉన్న మా పెద్దమ్మ కొడుకు దగ్గర 1970 నాటి డాడ్జ్ ఛార్జర్ ఉంది. ఫోనులో అతను, "అన్నయ్యా, డ్యాష్‌బోర్డు వెనుక నుంచి కాలిన వాసన వస్తోంది" అన్నప్పుడు నాకు ముందుగా తట్టింది డ్యాష్‌బోర్డులో కరెంటును చూపే ఆమ్మీటరే. డాడ్జ్‌ను తయారుచేసిన క్రైస్లర్ కంపెనీ ఆ కాలపు కార్లలో బ్యాటరీ ఛార్జింగ్ కరెంటు మొత్తం ఇంజను గది నుంచి గోడలోని ప్లాస్టిక్ కనెక్టరు గుండా లోపలికి వచ్చి, ఆమ్మీటరు దాటి, మళ్లీ అదే కనెక్టరు గుండా వెనక్కు పోతుంది. అక్కడి బ్లేడుకు తుప్పు పట్టి 0.05 ఓము అడ్డు ఏర్పడినా, దిగిపోయిన బ్యాటరీ 40 ఆంపియర్లు లాగుతున్నప్పుడు ఆ ఒక్క బిందువులో పుట్టే వేడి 80 వాట్లు, అంటే హెడ్‌లైటు బల్బుకన్నా ఎక్కువ. ప్లాస్టిక్ కరగక ఏమవుతుంది?

అతను కనెక్టరు విప్పి పంపిన ఫోటోలో రెండు లావు తీగల గూళ్లూ గోధుమ రంగుకు మాడి ఉన్నాయి. లైట్లకు రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చులు) పెట్టి వాటికి కరెంటును బ్యాటరీ నుంచి తీసుకున్నాడని కూడా అప్పుడే తెలిసింది. అంబాసిడరుకైతే రిలే ఎంతో మేలు చేస్తుంది, స్విచ్చు మీద భారం తగ్గుతుంది. క్రైస్లర్ కార్లలో మాత్రం బ్యాటరీ దగ్గర తీసుకునే ప్రతి ఆంపియరూ ఇంజను నడుస్తున్నప్పుడు ఆమ్మీటరు గుండానే రావాలి, కాబట్టి రిలేల లైను ఆల్టర్నేటరు (ఇంజను తిప్పే, కరెంటు పుట్టించే యంత్రం) స్టడ్డు నుంచి తీసుకోవాలి. బ్యాటరీ మైనస్ విప్పిన తరువాత కాలిన బ్లేడులు మార్చి, ఆల్టర్నేటరు నుంచి బ్యాటరీ వైపు నేరుగా ఒక లావు తీగను, దానికన్నా నాలుగు గేజీలు సన్నని ఫ్యూజిబుల్ లింకుతో (కరెంటు మితిమీరితే ఫ్యూజులా ముందుగా కాలిపోయే తీగముక్కతో) కలిపి వేయమన్నాను. అప్పుడు అధిక భాగం ఆ దారిలో పోతుంది కనుక ఆమ్మీటరు ముల్లు పెద్దగా కదలదు; దానికి బదులు ఒక వోల్టుమీటరు బిగించుకొని, ఇంజను నడుస్తుండగా 14 వోల్టుల చుట్టూ ఉందో లేదో చూసుకుంటే చాలు.