గబ్బిలాల పళ్ళెం, మా అత్తయ్య

మూడు నెలల కింద గురువారం ఆఫీసుకి సెలవు పెట్టి మరీ హైదరాబాద్ పురానాపూల్ దగ్గర పాత సామాన్ల సంత జుమ్మేరాత్ బజార్‌కి వెళ్ళాను, తుప్పు పట్టిన తాళాల పక్కన దుమ్ము కొట్టుకుపోయిన ఒక పింగాణీ పళ్ళెం కనిపించింది. "అస్లీ పురానా మేడమ్, నవాబుల ఇంట్లోది" అని అమ్మేవాడు అడుగున ఉన్న ఎర్ర ముద్ర చూపించాడు. 800 అన్నవాడు 350కి దిగాడు, అంటే అసలు ధర 150 అయి ఉంటుందని మా ఆయన లెక్క. ఫోన్ కెమెరాతో దగ్గరికి లాగి చూస్తే రంగులో సన్నటి చుక్కలు కనిపిస్తున్నాయి, అంటే అచ్చు వేసిన బొమ్మ, చేత్తో గీసింది కాదు, నవాబు లేడు నా మొహమూ లేదు. అయినా నచ్చింది, తెచ్చేసుకున్నా.

తెల్ల పళ్ళెం. మధ్యలో ముగ్గు చుట్ట లాంటి గుండ్రటి ఎర్ర గుర్తు, దాని చుట్టూ ఎర్రటివే ఐదు జీవులు, రెక్కల చివర్లు ఉంగరాలు తిరిగి, పొట్టలు బొద్దుగా, తలలన్నీ మధ్యకి పెట్టి. సీతాకోకచిలుకలు అనుకున్నాను. హాల్లో టీవీ పైన తగిలిద్దామని మేకు వెతుకుతుంటే మా అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని పళ్ళెం అందుకుంది.

"ఇవి సీతాకోకచిలుకలేంటమ్మా, గబ్బిలాలు. చెవులు చూడు."

చూశాను. నిజమే, చెవులు. ఇంక చూడండి, గబ్బిలం ఇంట్లో దూరితేనే ఇల్లు పాడుపడుతుందంటారు, నువ్వు డబ్బులిచ్చి ఐదింటిని తెచ్చావా అని మొదలుపెట్టింది. మా ఆయన ఊరుకోవచ్చుగా, "చైనావి కూడానే అమ్మా, కరోనా గుర్తుందిగా" అని ఇంకో నిప్పు వేశాడు. పళ్ళెం ఆ రాత్రే బాల్కనీలో వాషింగ్ మెషిన్ వెనక్కి చేరింది.

నాకు మాత్రం నిద్ర పట్టలేదు. తినే పళ్ళెం మీద ఎవరైనా గబ్బిలాలు ఎందుకు వేసుకుంటారు? నాలుగు రోజులు అదే పనిగా చదివితే తేలింది ఏంటంటే ఇదంతా శ్లేష! చైనా భాషలో గబ్బిలం పేరు 'బియన్‌ఫూ', అదృష్టం, శుభం అనే మాట 'ఫూ'. రాసే అక్షరం వేరు, పలికేది ఒక్కటే. అంటే గబ్బిలం బొమ్మ వేస్తే "నీకు శుభం కలుగుగాక" అని రాసినట్టు. ఐదు గబ్బిలాలంటే ఐదు శుభాలు: దీర్ఘాయుష్షు, సంపద, ఆరోగ్యం, మంచి నడవడి మీద ఇష్టం, చివరికి సుఖమైన చావు. ఈ ఐదింటి జాబితా వాళ్ళ ప్రాచీన గ్రంథం 'శూజింగ్'లోనే ఉంది. ఎరుపు ఎందుకంటే ఎరుపుకి 'హోంగ్' అంటారు, 'అపారమైన' అనే మాట కూడా 'హోంగే'. మధ్యలో ముగ్గు చుట్ట అనుకున్నది 'షౌ' అనే అక్షరం, ఆయుష్షు. నా 350 రూపాయల పళ్ళెం మొత్తం ఒక ఆశీర్వచనం అన్నమాట, అక్షింతలు ఒక్కటే తక్కువ.

బడిలో అలంకారాల పాఠంలో చదువుకున్నాం కదా, "మిమ్ము మాధవుడు రక్షించుగాక" అని, ఒకలా విడదీస్తే విష్ణువు, ఇంకోలా విడదీస్తే ఉమాధవుడు కాబట్టి శివుడు. నానార్థాల్లో 'హరి' అంటే విష్ణువు, సింహం, కోతి, కప్ప అని బట్టీ పట్టాం. ఇప్పుడు ఎవరైనా కొత్త ఇంటి గుమ్మం మీద కోతి బొమ్మ గీసి "హరి మీ ఇంట ఉండుగాక" అన్నారనుకోండి, మనకి నవ్వొస్తుంది, కానీ చైనా బొమ్మల్లో సగం సరిగ్గా ఈ పనే చేస్తాయి. మనం శ్లేషని పద్యంలో ఉంచేశాం, వాళ్ళు పళ్ళేల మీదా బట్టల మీదా తలుపుల మీదా పెట్టేశారు.

ఇంకోటి తట్టింది, దీనికి ఆధారం నా చెవి తప్ప ఏమీ లేదు. 'గబ్బిలం' అనగానే మనకి 'గబ్బు' వినిపిస్తుంది. ఆ మాట అలా పుట్టిందో లేదో పండితులు చెప్పాలి, నాకు వినిపించడం మాత్రం అంతే. అదే జంతువు, వాళ్ళ చెవికి శుభం, మన చెవికి కంపు, పాపం దానికి ఈ గొడవేదీ తెలీదు, తలకిందులుగా వేలాడుతుంటుంది. ఆ తలకిందులుకీ చైనా వాళ్ళ దగ్గర అర్థం ఉంది: 'దావ్' అంటే తలకిందులు, 'దావ్' అంటే వచ్చేసింది, కాబట్టి తలకిందుల గబ్బిలం అంటే "అదృష్టం వచ్చేసింది". మనకి గబ్బిలం అంటే జాషువా గారి కావ్యమూ గుర్తొస్తుంది, 1941 నాటిది, గుడిలోకి రానివ్వని మనిషి శివుడికి తన గోడు చెప్పమని గబ్బిలాన్ని పంపిస్తాడు. అపశకునం అనుకునే జీవినే ఆయన దూతగా ఎంచుకున్నాడు, అది వేరే సంగతి, వేరే బాధ.

ఇదంతా అత్తయ్యకి చెప్తే సగం వినింది. "అయితే సాలార్‌జంగ్‌కి తీసుకెళ్ళు, అక్కడ చైనా సామాన్లు బోలెడు ఉంటాయిగా, నిజంగా పెద్దవాళ్ళు కూడా ఇవే వాడారేమో చూస్తా" అంది. అసలు ఆవిడ లక్ష్యం గడియారం అని నాకు తెలుసు. శుక్రవారం మ్యూజియం మూసేస్తారు కాబట్టి ఆదివారం మల్కాజిగిరి నుంచి పొద్దున్నే బయల్దేరాం. 12 గంటలకి గడియారంలో బుల్లి మనిషి బయటికొచ్చి గంట కొట్టడం చూశాం, ముసుగు రెబెక్కా పాలరాతి శిల్పాన్ని చూశాం, సాధారణంగా హైదరాబాద్ వాళ్ళ సాలార్‌జంగ్ ఇక్కడితో అయిపోతుంది. తూర్పు బ్లాకులో చైనా, జపాన్ గదులుంటాయి. జనం పల్చగా ఉన్నారు, కాళ్ళు నొప్పులున్నవాళ్ళకి అదే సుఖం.

ఒక నీలం కూజా ముందు ఆగి డ్రాగన్ గోళ్ళు లెక్కపెట్టాం. ఎందుకంటే ఐదు గోళ్ళ డ్రాగన్ చైనా చక్రవర్తికి చెందింది, నాలుగు గోళ్ళది కింది వాళ్ళకి, జపాన్ డ్రాగన్‌కి మామూలుగా మూడే. అది నిప్పులు కక్కే రాక్షసి కాదు, మబ్బుల్లో తిరిగి వాన తెచ్చేది. మేం చూసినదానికి నాలుగు. "నవాబు గారికి ఐదుది దొరకలేదేమో" అంది అత్తయ్య.

దొర హోదాని జంతువుతో చెప్పడం ఇంకా సరదాగా ఉంటుంది. చైనాని ఏలిన మింగ్ వంశం రాజులు 1391లో అధికారుల అంగీల మీద చదరపు గుడ్డ ముక్కలు కుట్టించారు, కలం పట్టేవాళ్ళకి పక్షులు, కత్తి పట్టేవాళ్ళకి మృగాలు. సివిల్‌లో మొదటి హోదాకి కొంగజాతి సారసం. మన సచివాలయంలో ఇది పెడితే లిఫ్ట్‌లో ఎవరికి నమస్కారం పెట్టాలో వెతుక్కునే పని ఉండదు. కార్ప్ చేప పసుపు నది మీద 'డ్రాగన్ గేటు' దాటి పైకి దూకితే డ్రాగన్ అయిపోతుందన్న కథ పరీక్ష పాసవడానికి గుర్తు, మన కోచింగ్ సెంటర్ల హోర్డింగుల వాళ్ళకి ఇది ఇంకా ఎవరూ చెప్పినట్టు లేరు.

అత్తయ్యకి బాగా నచ్చింది పిల్లి సంగతి. పిల్లీ సీతాకోకచిలకా కలిసి ఉన్న బొమ్మ చూసి మనం ఏదో పిల్లి ఆడుకుంటోంది అనుకుంటాం. పిల్లి 'మావ్', సీతాకోకచిలక 'ద్యే', రెండూ కలిపితే 'మావ్‌ద్యే', అంటే ఎనభై తొంభై ఏళ్ళ పండు ముసలితనం. పెద్దవాళ్ళ పుట్టినరోజుకి నిండు నూరేళ్ళు అని ఇచ్చే బొమ్మ అది. "మావ్ అంటే పిల్లేనా? అదేం భాష, అది అరిచేది అదేగా" అని గ్యాలరీలో గట్టిగా నవ్వేసింది, గార్డు మా వైపు చూశాడు.

జపాన్ వైపుకి వచ్చేసరికి నాకు డౌటొచ్చింది. శబ్దం మీద ఆడిన ఆట భాష మారితే ఏమవుతుంది? అక్షరం తోడు వెళ్తే కొంత బతుకుతుంది, చైనా లిపిలో గబ్బిలం రాసే రెండో అక్షరాన్ని జపాన్‌లో 'ఫుకు' అని చదవొచ్చు, అక్కడ అదృష్టమూ 'ఫుకు'నే, కాబట్టి గబ్బిలం అక్కడా కాస్త మంచిదే అయింది. మిగతా చోట జపాన్ వాళ్ళు తమ సొంత శ్లేషలు వేసుకున్నారు. కప్ప 'కయేరు', తిరిగి రావడమూ 'కయేరు', అందుకే ప్రయాణం చేసేవాళ్ళు కప్ప బొమ్మ దగ్గర పెట్టుకుంటారు, కొందరు పర్సులో పెట్టుకుంటారు, ఖర్చైన డబ్బు వెనక్కి రావాలని. గుడ్లగూబ 'ఫుకురో', 'ఫు కురో' అని విడదీస్తే కష్టాలు లేకపోవడం. మన ఊళ్ళో రాత్రి గుడ్లగూబ కూస్తే అమ్మమ్మ లేచి కూర్చునేది, అక్కడ దాన్ని గిఫ్ట్ షాపుల్లో వరసగా పేర్చి అమ్ముతారు.

గాంధీ గారి మూడు కోతులు తెలియనివాళ్ళు లేరు. అవి జపాన్‌వి, నిక్కో అనే ఊళ్ళో తోషోగూ గుడి దగ్గర గుర్రపుశాల మీద చెక్కినవి బాగా ప్రసిద్ధి, ఆ కట్టడాలు 1636 నాటివి. గుర్రపుశాల మీద కోతులెందుకంటే కోతి గుర్రాన్ని రోగాల నుంచి కాపాడుతుందని నమ్మకం. చూడను, వినను, చెప్పను అనే మూడు మాటల చివరా 'జారు' వస్తుంది, అది 'లేదు' అని చెప్పే పాత ప్రత్యయం. కోతి 'సారు', సమాసంలో 'జారు' అవుతుంది. అంటే మన స్కూలు గోడల మీద నీతి చెప్పే ఆ కోతులు పుట్టిందే వ్యాకరణం జోకు మీద! నాకు ఇది తెలిసిన రోజు ఆఫీసులో ముగ్గురికి చెప్పాను, ఇద్దరు "ఓహో" అని ల్యాప్‌టాప్‌లోకి తిరిగారు.

సింహాల దగ్గర మాత్రం మన వాటా ఉంది. చైనాలో సింహాలు లేవు, బౌద్ధంతో పాటు ఆ బొమ్మ వెళ్ళింది, చూడని జంతువుని ఊహించి చెక్కారు కాబట్టి ఉంగరాల జుట్టుతో బొచ్చుకుక్కలా తయారైంది. జపాన్ గుళ్ళ ముందు ఉండే జంటలో ఒకదానికి నోరు తెరిచి ఉంటుంది, ఇంకోదానికి మూసి. తెరిచినది 'ఆ', మూసినది 'ఉన్'. ఇది సంస్కృతం అక్షరాల్లో మొదటి 'అ', చివరి 'హ'తో వచ్చే 'హూం' నుంచి వచ్చింది, సృష్టి మొదలూ తుదీ. అత్తయ్యకి ఇది చెప్పినప్పుడు ఆవిడ నోరు తెరిచి 'అ' అని, మూసి 'హూం' అని చూసుకుంది.

తిరిగొస్తూ ఆబిడ్స్‌లో ఆగాం. కౌంటర్ మీద చెయ్యి ఊపే బంగారు పిల్లి ఉంది కదా, షాపువాడు దాన్ని "చైనా లక్కీ క్యాట్" అన్నాడు. అది జపాన్‌ది, ఎడో కాలం (1603–1868) చివర్లో పుట్టింది, పైకెత్తిన చెయ్యి ఎడమదైతే గిరాకీని, కుడిదైతే డబ్బుని పిలుస్తుందంటారు. అది టాటా చెప్తోందని చాలామంది అనుకుంటారు. మనం పిల్లల్ని పిలిచేటప్పుడు అరచెయ్యి కిందికి పెట్టి "రా రా" అని ఊపుతాం చూడండి, జపాన్ వాళ్ళూ అంతే, అది పిలుస్తోంది. పక్కనే ఫెంగ్ షుయ్ (చైనా వాస్తు) పేరుతో నోట్లో నాణెం పెట్టుకున్న మూడు కాళ్ళ కప్ప, గాజు గిన్నెలో తాబేలు, ఏది ఏ మూల పెడితే ఎంత కలిసొస్తుందో రేటు కార్డుతో సహా. నాకు వీటి మీద చిరాకు, బొమ్మలో ఉన్న మాటని చదవకుండా మందుబిళ్ళలా అమ్మేస్తున్నారు. తాబేలు కొన్నవాళ్ళతో, చైనాలో ఒకణ్ణి తాబేలు అంటే పెళ్ళాం చేతిలో మోసపోయినవాడని తిట్టు అని చెప్పాలనిపిస్తుంది, చెప్పను.

పళ్ళెం ఇప్పుడు హాల్లోనే ఉంది. అత్తయ్యే తడిగుడ్డతో తుడిచి, మేకు కూడా ఆవిడే చూపించింది, కాకపోతే టీవీ పైన కాదు, చెప్పుల స్టాండు పైన. పోయిన వారం పక్కింటి పిన్నిగారు వచ్చి చాలాసేపు దానివైపే చూసి, "ఏంటండీ ఇవి?" అని అడిగారు. నేను ఫూ, హోంగ్, శూజింగ్ అని నోరు తెరిచేలోపే వంటింట్లోంచి అత్తయ్య గొంతు వినిపించింది:

"సీతాకోకచిలుకలమ్మా."