హైదరాబాద్‌లో కొత్త రాక్ బ్యాండ్లు ఎక్కడ దొరుకుతాయి

హైదరాబాద్‌లో రాక్ ఎక్కడుంది అని చాలామంది అంటుంటారు. ఉంది, బాగానే ఉంది. హైదరాబాద్, బెంగళూరు కుర్రాళ్లు కలిసి కట్టిన డెత్ మెటల్ (రాక్‌లో బాగా మోతగా, కరుకుగా ఉండే రకం) బ్యాండ్ గాడ్‌లెస్ 2016లో, 2018లో ఈపీలు, అంటే నాలుగైదు పాటల చిన్న ఆల్బమ్‌లు తెచ్చి, 2021లో పూర్తి ఆల్బమ్ ఇచ్చింది. తెలుగులో సొంత పాటలు కట్టుకునే కాప్రిచియో, చౌరస్తా లాంటి బ్యాండ్లూ ఇక్కడివే. వీళ్ల పేర్లు ఇప్పటికే చాలామందికి తెలుసు. వీళ్ల తర్వాతి వరుసలో ఉన్నవాళ్లను పట్టుకోవడమే కష్టం.

స్పాటిఫైలో ఒక బ్యాండ్ పేజీ కింద కనిపించే మిగతా పేర్లు, ఆ బ్యాండు శ్రోతలు ఇంకెవర్ని వింటున్నారన్న లెక్క మీద వస్తాయి. నెలకు నూరుమంది వినే బ్యాండుకు ఆ లెక్క తేలదు. అందుకే యాప్‌ను నమ్ముకోకుండా మనుషుల వెంట పడాలి. ముందుగా డ్రమ్మర్ల వెంట. ఏ ఊళ్లోనైనా గిటారిస్టుల కన్నా డ్రమ్మర్లు తక్కువ. అపార్ట్‌మెంట్‌లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని గిటార్ సాధన చేసుకోవచ్చు, డ్రమ్‌కిట్‌కి ఆ వీలు లేదు. దాంతో ఒకే డ్రమ్మర్ రెండు మూడు బ్యాండ్లలో వాయిస్తుంటాడు. నచ్చిన బ్యాండు డ్రమ్మర్ ఇన్‌స్టాగ్రామ్ పేజీలో ట్యాగులు చూస్తే మిగతా బ్యాండ్ల పేర్లు బయటపడతాయి. ఆ తర్వాత ఆ పాటలు మిక్స్ చేసిన, అంటే గొంతు, వాద్యాల మోతాదు సర్దిన ఇంజినీర్‌ను చూడండి, ఆయన పనిచేసిన మిగతా బ్యాండ్లూ తెలుస్తాయి. మెటల్ ఇష్టపడేవాళ్లకు ఎన్‌సైక్లోపీడియా మెటల్లమ్ సైటు ఉంది. ఊరి పేరుతో వెతకొచ్చు, ప్రతి సభ్యుడి పాత, కొత్త బ్యాండ్లన్నీ అక్కడే ఉంటాయి.

బ్యాండ్లు తమ పాటల్ని నేరుగా అమ్ముకునే సైటు బ్యాండ్‌క్యాంప్‌లో ఊరి ట్యాగుతో వెతికేటప్పుడు ఒక చిక్కుంది: పాకిస్తాన్ సింధ్‌లోనూ హైదరాబాద్ ఉంది, రెండు ఊళ్ల బ్యాండ్లూ కలిసి వస్తాయి. తెలుగు పాటల పేర్లతో ఇంకో ఇబ్బంది. ఇంగ్లిష్ అక్షరాల్లో దీర్ఘాన్ని ఒకరు ఒక అక్షరంతో రాస్తే ఇంకొకరు రెండుతో రాస్తారు. ఒకసారి దొరకలేదని వదిలేయకుండా స్పెల్లింగ్ మార్చి చూడండి, పక్కన బ్యాండ్ పేరు చేర్చండి.

ఇక ప్రత్యక్షంగా వినడం. బంజారాహిల్స్‌లోని లామకాన్ 2010 నుంచి నడుస్తోంది. మద్యం ఉండదు కాబట్టి విద్యార్థులకు అది మంచి చోటు. తెలంగాణలో మద్యానికి కనీస వయసు 21 ఏళ్లు, పబ్ షోలకు ఐడీ లేకుండా వెళ్తే గేటు దగ్గరే ఆగిపోవచ్చు. బిట్స్ హైదరాబాద్ పెర్ల్, ఐఐటీ హైదరాబాద్ ఎలాన్ అండ్ ఎన్‌విజన్ ఫెస్టుల మీద కన్నేసి ఉంచండి. ఐఐటీ బొంబాయి మూడ్ ఇండిగోలో లైవ్‌వైర్, బిట్స్ పిలానీ ఒయాసిస్‌లో రాక్టేవ్స్ బ్యాండ్ పోటీలు. గెలిచినవాళ్లను అందరూ చూస్తారు, మీరు తుదిపోరుకు వచ్చిన మిగతా పేర్లు చూడండి. వాటిలో మన ఊరి బ్యాండ్ ఉంటే అది వెతుక్కోవాల్సిన బ్యాండే. జూన్ 21 వరల్డ్ మ్యూజిక్ డే చుట్టుపక్కల అలియాన్స్ ఫ్రాన్సేజ్ కార్యక్రమాలు కూడా చూస్తుండండి.

పోస్టర్ మీద పెద్దక్షరాల పేరు చూసి టికెట్ కొన్నా, అందరికన్నా కింద చిన్నక్షరాల్లో ఉన్న పేరు కోసం వెళ్లండి. ఆ ఓపెనింగ్ బ్యాండు మొదట ఎక్కుతుంది. ఆరుబయట రాత్రి 10 తర్వాత లౌడ్‌స్పీకర్లు వాడకూడదు కాబట్టి అలాంటి షోలు తొందరగా మొదలవుతాయి, ఆలస్యంగా వెళ్తే మీకు కావాల్సిన బ్యాండే దాటిపోతుంది.

మొదటి పాట విని తీర్పు చెప్పకండి. సౌండ్‌చెక్‌కు ఎక్కువ సమయం పెద్ద బ్యాండుకే దక్కుతుంది. ఓపెనింగ్ వాళ్లకు చాలాసార్లు లైన్ చెక్ మాత్రమే మిగులుతుంది, అంటే ప్రతి మైకూ పలుకుతోందో లేదో చూసుకోవడం వరకే. మిక్స్ కుదిరేది పాట నడుస్తుండగానే. పైగా చిన్న హాల్లో డ్రమ్మర్ వెనకాల, పాడేవాడు ముందు, మధ్యలో ఆరడుగులు. సింబల్స్ (డ్రమ్‌కిట్‌లోని లోహపు తాళాలు) మోత నేరుగా పాడేవాడి మైకులోకి వెళ్తుంది. గొంతు వినపడట్లేదని ఇంజినీర్ ఆ మైకు పెంచితే సింబల్స్ కూడా పెరుగుతాయి. అప్పుడు మాటలు అర్థం కాకపోతే అది పాడేవాడి లోపం కాదు. మూడో పాటకు కాస్త సర్దుకుంటుంది, అప్పుడు వినండి. నిలబడాల్సింది కన్సోల్, అంటే ఇంజినీర్ సౌండ్ సర్దే బల్ల పక్కన. ఇంజినీర్ తన చెవికి వినిపించినదాన్ని బట్టే మిక్స్ చేస్తాడు. గోడల మూలల్లో బాస్, అంటే కింది స్థాయి శబ్దం పేరుకుని మిగతా అంతా మింగేస్తుంది.

చెవులు జాగ్రత్త. 100 డెసిబెల్స్ దగ్గర రోజుకు 15 నిమిషాలే సురక్షితమని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క. ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ పైస్థాయి శబ్దాల్ని ఎక్కువ కోసేస్తాయి, అంతా మూతపడ్డట్టు ఉంటుంది. సంగీతం కోసమే చేసిన ప్లగ్స్ కొంటే పాట అలాగే ఉండి మోత తగ్గుతుంది.

బ్యాండు పేరు మైకులో చెప్పినా ఆ గోలలో సగమే వినిపిస్తుంది. షో అయ్యాక స్టేజి నేల మీద టేపుతో అతికించిన సెట్‌లిస్ట్ కాగితం ఉంటుంది, అడిగి ఫొటో తీసుకోండి. కవర్లు (వేరేవాళ్ల పాటలు) ఎన్ని, సొంత పాటలు ఎన్ని అని అందులోనే తెలుస్తుంది. పది పాటల్లో నాలుగు సొంతవైతే ఆ బ్యాండును మళ్లీ చూడాలి. కవర్లు వాయించారని చిన్నచూపు వద్దు, చాలా పబ్బులు డబ్బిచ్చేది వాటికే.

నచ్చితే డబ్బు ఎలా చేరుతుందో కూడా తెలుసుకోవాలి. 2024 నుంచి స్పాటిఫైలో ఏడాదికి వెయ్యి స్ట్రీములు దాటని పాటకు రాయల్టీ రాదు. బ్యాండ్‌క్యాంప్ డిజిటల్ అమ్మకాల్లో 15 శాతం, టీషర్టుల లాంటి వాటిలో 10 శాతం తీసుకుని మిగతాది బ్యాండుకే ఇస్తుంది, పేమెంట్ గేట్‌వే చార్జీలు విడిగా పోతాయి. కాకపోతే బ్యాండ్‌క్యాంప్ బ్యాండ్లకు డబ్బు చేర్చేది ఆన్‌లైన్ చెల్లింపుల సంస్థ పేపాల్ ద్వారా, ఆ పేపాల్ 2021 ఏప్రిల్‌లో మన దేశంలో దేశీయ చెల్లింపులు ఆపేసింది. ఇక్కడి మీరు ఇక్కడి బ్యాండు దగ్గర కొనబోతే లావాదేవీ విఫలం కావచ్చు. అలాంటప్పుడు బ్యాండుకే మెసేజ్ పెట్టి యూపీఐ అడగండి. ఆల్బమ్ ఫైళ్లు మెయిల్లో పంపేస్తారు.